పెట్టెలో ఉన్నదెంత, ఫోన్ చెప్పేదెంత?

ఈ శీర్షికకు మామూలుగా వచ్చేవి స్టాంపులు, పాత నాణేల ఉత్తరాలు. ఈ నెల మాత్రం పిల్లల కార్డుల గురించి వచ్చినవే ఎక్కువ. సెలవుల మహిమ కాబోలు. నాణేలవాళ్లను వచ్చే నెల దాకా ఆగమని బతిమాలుకుని, పేజీ మొత్తం కార్డులకే ఇచ్చేశాను. కొత్త పాఠకులకు ఒక్క మాట. విజయవాడలో ఒక మందుల హోల్‌సేల్ దుకాణంలో చాలా ఏళ్లు స్టాక్ రిజిస్టర్లు రాసినదాన్ని నేను. మా అబ్బాయి కార్డుల పిచ్చి పుణ్యమా అని వీటి లెక్కలు కూడా నా నెత్తికి చుట్టుకున్నాయి.

ప్రశ్న: మేడమ్, మా బాబుకి పద్నాలుగేళ్లు. పోకీమాన్ కార్డులు (జపాన్ కార్టూన్ ప్రాణుల బొమ్మలతో వచ్చే ఆట కార్డులు) మూడు పెద్ద బైండర్ల నిండా ఉన్నాయి. డాలస్‌లో ఉండే మా మరిది వచ్చినప్పుడల్లా ప్యాకెట్లు తెస్తాడు, మిగతావి ఇక్కడ కొన్నవే. బాబు ఫోన్‌లో ఏదో యాప్ పెట్టి అన్నిటినీ కెమెరాకి చూపిస్తే మొత్తం లక్షా నలభై వేలని వచ్చింది. మా వారు నవ్వి ఊరుకున్నారు. వాడేమో అవి అమ్మేసి గేమింగ్ ల్యాప్‌టాప్ కొనమని పట్టుబట్టాడు. ఆ లెక్క నిజమేనా? అసలు వీటికి లెక్క ఎలా రాసుకోవాలి?
— ఒక తల్లి, కూకట్‌పల్లి

జవాబు: ల్యాప్‌టాప్‌కి ఇప్పుడే అడ్వాన్స్ కట్టకండమ్మా. ఆ లక్షా నలభై వేలు ఎలా వచ్చిందో తెలిస్తే మీ వారి నవ్వులో కొంత న్యాయముందని మీరే అంటారు. ఫోన్ కెమెరా చూసేది బొమ్మను. ఫలానా కార్డులా ఉంది అనుకోగానే, ఆ కార్డు మంచి స్థితిలో ఉంటే అమెరికాలో ఎంతకు పోతోందో ఆ ధర తెచ్చి, రూపాయల్లోకి మార్చి, కూడేస్తుంది. మీవాడి చేతిలో ఉన్నది అసలుదా నకిలీదా, మూల నలిగిందా, ఇంగ్లిష్ కార్డా జపాన్ కార్డా అన్నది దానికి అంతగా పట్టదు.

ముందు నకిలీలు ఏరేయండి. ‘ఇక్కడ కొన్నవి’ అన్నారు చూడండి, నా అనుమానమంతా వాటి మీదే. స్టేషనరీ షాపుల్లోనూ ఆన్‌లైన్‌లోనూ బంగారు రంగులో తళతళలాడే ప్లాస్టిక్ కార్డులు డబ్బాకి యాభై అయిదు కార్డుల చొప్పున అమ్ముతారు. పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఒక డబ్బా ఉంటుంది. ఆడుకోవడానికి బేషుగ్గా ఉంటాయి, విలువ మాత్రం సున్నా. యాప్‌కి వాటిని చూపిస్తే ఏదో ఒక అసలు కార్డు ధర తగిలించేస్తుంది. లక్షా నలభైలో సగం అక్కడే కరిగిపోయినా నేను ఆశ్చర్యపోను.

కాగితం నకిలీలను పట్టుకోవడానికి కొంచెం ఓపిక కావాలి. డాలస్ నుంచి వచ్చిన ప్యాకెట్లోని మామూలు కార్డు ఒకటి పోలికకు పక్కన పెట్టుకోండి. వెనక వైపు నీలం రంగు పాలిపోయినట్టో, ఊదా రంగుకి తిరిగినట్టో ఉంటే అనుమానించండి. అక్షరాలు మరీ లావుగానో మరీ సన్నగానో ఉన్నా అంతే. తర్వాత గదిలో లైటు తీసేసి కార్డు వెనక ఫోన్ టార్చ్ పెట్టండి. అసలు కార్డులోంచి వెలుగు అంతగా రాదు. చాలా నకిలీల్లోంచి ధారాళంగా వచ్చేస్తుంది. పూర్తి బొమ్మ ఉండే ఖరీదైన కార్డుల మీద వేలితో తడిమితే సన్నని గరుకు గీతలు తగులుతాయి. అదే బొమ్మ నున్నగా జారిపోతుంటే అది నకిలీ అనుకోవచ్చు.

ఏరడం అయ్యాక ప్రతి కార్డు అడుగునా చిన్న అక్షరాల్లో ఉండే నంబరు చూడండి. మందుల దుకాణంలో పేరు ఎంత చదివినా స్ట్రిప్ మీద బ్యాచ్ నంబరు చూడనిదే రిజిస్టర్లో ఎక్కించేవాళ్లం కాదు. ఇక్కడా అంతే. 2023 సెప్టెంబరులో ‘151’ అనే సెట్, అంటే ఒకేసారి విడుదల చేసే కార్డుల వరస, వచ్చింది. మీ మరిది తెచ్చినవాటిలో అది ఉండే అవకాశం బాగా ఉంది. అందులో డ్రాగన్ బొమ్మ ఉన్న చారిజార్డ్ ఈఎక్స్ అనే కార్డు మూడు రకాలుగా ఉంది. ఒకదాని అడుగున 006/165 అని, రెండోదాని మీద 183/165 అని, మూడోదాని మీద 199/165 అని ఉంటుంది. సెట్ లెక్క 165 అయితే 199 ఎక్కడిదని అడుగుతారేమో. లెక్కకు పైన వేసే ప్రత్యేక కార్డులు అవి. ఆ సెట్లో అన్నీ కలిపి 207 ఉన్నాయి. మూడు కార్డుల మీదా పేరు ఒకటే, డ్రాగన్ ఒకటే. కానీ మొదటిదానికీ మూడోదానికీ ధరలో నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా ఉంది. నంబరు పక్కన గుర్తు కూడా చూడండి. నల్ల గుండ్రం ఉంటే మామూలుది, డైమండ్ ఉంటే కాస్త అరుదు, నక్షత్రం ఉంటే అరుదు. 2023 నుంచి వస్తున్న ఇంగ్లిష్ సెట్లలో రెండు బంగారు నక్షత్రాలు కనిపిస్తే ఆ కార్డును వెంటనే స్లీవ్ అనే పల్చటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి తర్వాత మాట్లాడుకోండి.

ఇంకో తిరకాసు ఉంది. ఒకే నంబరు కార్డు మామూలుగానూ, బొమ్మ తప్ప మిగతా భాగమంతా మెరిసేలానూ వస్తుంది. ఈ రెండోదాన్ని రివర్స్ హోలో అంటారు. యాప్‌లు ఈ రెంటినీ తరచూ తారుమారు చేస్తాయి. అది చేత్తో చూసి సరిచేయాల్సిన పనే.

ఇక రిజిస్టర్. లాంగ్ నోట్‌బుక్ అయినా, కంప్యూటర్లో ఎక్సెల్ అయినా సరే. ఒక్కో కార్డుకి ఒక్కో వరస. మొదటి గడిలో అది ఎక్కడుందో రాయించండి: రెండో బైండర్, ఏడో పేజీ అని. చాలామంది ఈ గడి వదిలేస్తారు, అదే లేకపోతే రిజిస్టర్ ఉండీ ప్రయోజనం లేదు. తర్వాత సెట్ పేరు, నంబరు, రకం, భాష, స్థితి, ఎన్ని ఉన్నాయి, ఎప్పుడు ఎవరి దగ్గర ఎంతకు వచ్చింది. బహుమతిగా వచ్చినదానికి ‘సున్నా’ అని రాయనివ్వకండి, ‘డాలస్ బాబాయి, దసరాకి’ అని రాయించండి. ధర గడి అన్నిటికన్నా చివర్లో ఉండాలి, దాని పక్కనే తేదీ గడి ఉండాలి. తేదీ వేయని ధర నా దృష్టిలో ధరే కాదు.

స్థితికి అమెరికాలో కార్డులు అమ్మే టీసీజీప్లేయర్ అనే సైట్ వాడే మెట్లే చాలామంది వాడుతున్నారు: నియర్ మింట్ (దాదాపు కొత్తది), లైట్లీ ప్లేడ్, మోడరేట్లీ ప్లేడ్, హెవీలీ ప్లేడ్, డ్యామేజ్డ్ (పాడైంది). మీవాడు అన్నిటికీ నియర్ మింట్ అని రాస్తాడు, అది సహజం. కిటికీ దగ్గర వెలుగులో కార్డు ఏటవాలుగా పట్టుకుని చూడమనండి. వెనక అంచుల్లో తెల్ల చుక్కలు కనిపిస్తాయి. పొడవు అంచు మధ్యలో చిన్న నొక్కు ఉంటే అది రబ్బరు బ్యాండు చేసిన పని. మన ఇళ్లలో మూడొంతుల కార్డులకు ఆ నొక్కు ఉంటుందని నా నమ్మకం.

ధరలు అన్నిటికీ వెతకక్కర్లేదు. మూడు బైండర్లలో నిజంగా డబ్బు చేసేవి నలభయ్యో యాభయ్యో ఉంటాయి. వాటికి మాత్రమే చూడండి. ఈబేలో అయితే ‘సోల్డ్ ఐటమ్స్’ అనే ఫిల్టర్ పెట్టి, అమ్ముడైన ధరలే చూడండి. అమ్మకానికి పెట్టిన ధర ఎవరైనా ఎంతైనా పెట్టుకోవచ్చు, దానికి టికెట్ లేదు. టీసీజీప్లేయర్‌లో ‘మార్కెట్ ప్రైస్’ అన్నది ఈమధ్య జరిగిన అమ్మకాల నుంచి తీసింది కాబట్టి కొంత నయం. మిగతా కార్డులన్నీ కలిపి ‘బల్క్, ఇన్ని’ అని ఒక్క వరసలో రాసేయండి. పది పైసల కార్డు వెయ్యిసార్లు కూడితే వచ్చే వంద రూపాయలకు కొనేవాడు దొరకడు.

అలా తేలిన మొత్తం కూడా అమెరికా ధరే. హైదరాబాద్‌లో కొనేవాళ్లు ఉన్నారు, ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపుల్లో దొరుకుతారు. కాని వాళ్లు పెద్ద కార్డులకే వస్తారు, బేరమాడతారు. దుకాణదారుకు ఇస్తే అతనికీ మిగలాలి కాబట్టి ఇంకా తగ్గుతుంది. ఈబేలో అమ్మితే 13 శాతం పైన ఫీజు కిందే పోతుంది, పోస్టు ఖర్చు వేరే. మీరు వాడికి చెప్పాల్సిన అంకె అన్నీ పోను చేతికొచ్చేది. నకిలీలు తీసి, నంబర్లు సరిచేసి, ఫీజులు పోగా ల్యాప్‌టాప్‌లో చార్జర్ వరకు వస్తే అదృష్టమనుకోండి. అయినా ఈ పనంతా వాడి చేతే చేయించండి. ‘ఇన్వెస్ట్‌మెంట్’ అనే మాట పద్నాలుగేళ్ల పిల్లాడి నోట వింటే నాకు ఒళ్లు మండుతుంది. కాని స్టాక్ రాయడం వస్తే ఎక్కడికెళ్లినా బతికేస్తాడు.

ప్రశ్న: అక్కా, నేను ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. కార్డులతో ఆడతాను, దాస్తాను కూడా. లెక్కకు యాప్ మంచిదా, ఎక్సెల్ మంచిదా?
— ఒక విద్యార్థి, విశాఖపట్నం

జవాబు: ఎక్కించడానికి యాప్, ఉంచుకోవడానికి ఎక్సెల్. ఇవాళ ఉచితంగా ఉన్న యాప్ రేపు డబ్బు అడగొచ్చు, ఎల్లుండి మూతపడొచ్చు. కాబట్టి నీ జాబితాను ఫైలుగా బయటికి తీసుకునే వీలున్న యాప్‌నే పెట్టుకో. నెలకోసారి ఆ ఫైలు తీసి నీ డ్రైవ్‌లో పడేయి. ఖరీదైన కార్డులకు ముందూ వెనకా ఫొటో తీసి, ఫొటో పేరుగా రిజిస్టర్లోని వరస నంబరే పెట్టు. హాస్టల్లో ఉంటే ఇది మరీ అవసరం. పోయినప్పుడు ‘చారిజార్డ్ పోయింది’ అని ఏడిస్తే ఎవరూ వినరు, వెనక కుడి మూలలో ఉన్న గీత ఫొటో చూపిస్తే వింటారు.

ప్రశ్న: నమస్తే మేడమ్. మా ఆఫీసులో ఒకాయన తన దగ్గర 1999 నాటి చారిజార్డ్, ‘ఫస్ట్ ఎడిషన్’ ఉందంటున్నాడు. నంబరు 4/102. చిన్నప్పుడు హైదరాబాద్‌లో టీవీలో చూసిన మోజు ఇంకా పోలేదు, కొనేద్దామని ఉంది. కొన్నాక గ్రేడింగ్‌కి పంపాలా? కార్డు ఫొటో కూడా పంపించాడు కానీ నాకేం తెలియడం లేదు.
— ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: ఫొటో చూసి కొనకండి బాబూ, చేతిలోకి తీసుకోండి. 4/102 అన్న నంబరు ఒక్కటి చూసి పొంగిపోవద్దు. 2021లో పోకీమాన్ పాతికేళ్ల పండగకు ‘సెలబ్రేషన్స్’ అనే సెట్ వేశారు. అందులో పాత చారిజార్డ్‌ను అదే 4/102 నంబరుతో మళ్లీ అచ్చేశారు. దాని మీద 25 అని చిన్న ముద్ర ఉంటుంది. ముందు ఆ ముద్ర లేదని చూసుకోండి. 2000లో వచ్చిన బేస్ సెట్ 2లో అదే డ్రాగన్ ఉంటుంది, నంబరు మాత్రం 4/130.

ముద్ర లేకపోతే అది 1999 నాటిది అయ్యే అవకాశముంది. పోకీమాన్ కార్డులు జపాన్‌లో 1996లో మొదలయ్యాయి, ఇంగ్లిష్‌లో 1999లో విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ కంపెనీ వేసింది. ఆ మొదటి సెట్ పేరు బేస్ సెట్, అదొక్కటే ముఖ్యంగా మూడు రకాలుగా అచ్చయింది. మొదటి రకంలో బొమ్మ చట్రం కింద ఎడమ వైపు ‘1’ అంకె, దాని చుట్టూ ‘ఎడిషన్’ అన్న గుండ్రటి ముద్ర ఉంటుంది. రెండో రకంలో ఆ ముద్ర లేదు, కానీ మొదటి రకంలాగే చట్రానికి కుడి పక్కన బూడిద రంగు నీడ ఉండదు. షాడోలెస్ అంటారు దీన్ని. మూడోది అన్‌లిమిటెడ్, ఎక్కువగా దొరికేది, దీనికి నీడ ఉంటుంది. అడుగున కాపీరైట్ వరస కూడా సాక్ష్యమే. మొదటి రెండు రకాల్లో నింటెండో పేరు ముందు 1995, 96, 98, 99 అని నాలుగు సంవత్సరాలు ఉంటాయి. అన్‌లిమిటెడ్‌లో అక్కడ 99 ఉండదు.

కాబట్టి మీ చారిజార్డ్ మీద ఫస్ట్ ఎడిషన్ ముద్రా ఉండి, పక్కన నీడా ఉంటే ఎవరో ముద్ర కొట్టారని అర్థం. షాడోలెస్ మీద దొంగ ముద్ర కొట్టి అమ్మేవాళ్లూ ఉన్నారు, అక్కడ నీడ పరీక్ష పనిచేయదు, భూతద్దంతో ముద్ర అంచులు చూడాలి. మొదటి రకానికీ మూడో రకానికీ ధర తేడా పది రెట్లకు పైనే కాబట్టి ఆ కష్టం దండగ కాదు. పనిలో పని, ఆయన ‘ఇదిగో మచాంప్ కూడా ఫస్ట్ ఎడిషనే, కలిపి తీసుకో’ అంటే మురిసిపోకండి. మచాంప్ 8/102 అప్పట్లో స్టార్టర్ పెట్టెలో ఇచ్చేవాళ్లు, దాదాపు అన్నిటి మీదా ఆ ముద్ర ఉంటుంది, అందుకే దానికంత గిరాకీ లేదు.

గ్రేడింగ్ సంగతి. పీఎస్‌ఏ కంపెనీ 1991 నుంచీ ఉంది. బెకెట్, సీజీసీ కూడా చేస్తాయి. బొమ్మ కార్డుకి సరిగ్గా మధ్యలో ఉందా, మూలలు, అంచులు, ముఖం ఎలా ఉన్నాయి చూసి 1 నుంచి 10 దాకా మార్కు వేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేసి ఇస్తారు. పాత ఖరీదైన కార్డుకి మార్కు ఎంతైనా సరే గ్రేడింగ్ చేయించడం మంచిదే. అసలుదేనని రుజువు దొరుకుతుంది, అమ్మేటప్పుడు వాదన ఉండదు. కొత్త కార్డులకు మాత్రం లెక్క వేరు. పదికి పది వస్తే లాభం, తొమ్మిది వస్తే చాలాసార్లు ఫీజు కూడా తిరిగి రాదు. పంపేముందు ‘తొమ్మిది వచ్చినా నాకు గిట్టుతుందా’ అని వేసుకోండి. ఫీజు కార్డు విలువను బట్టి పెరుగుతుందని మరిచిపోకండి.

డబ్బాలో ఉన్నదే కొంటుంటే దాని మీద సర్టిఫికెట్ నంబరు ఉంటుంది. కంపెనీ సైట్‌లో ఆ నంబరు కొట్టి, అక్కడ కనిపించే కార్డూ మీ చేతిలోదీ ఒకటేనా చూడండి. డబ్బాలకూ నకిలీలు వచ్చాయి.

మార్కు చూసి కళ్లు మూసుకోవద్దని చెప్పడానికి బేస్‌బాల్ వాళ్ల కథ ఒకటి ఉంది. సిగరెట్ పెట్టెల్లో 1909–11 మధ్య వచ్చిన హోనస్ వాగ్నర్ కార్డును 1991లో ఐస్ హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, ఇంకో భాగస్వామితో కలిసి 4,51,000 డాలర్లకు కొన్నాడు. పీఎస్‌ఏ మొట్టమొదట మార్కు వేసింది ఆ కార్డుకే, 8 ఇచ్చింది. అంతకుముందు దాన్ని అమ్మిన వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో, అంచులు తానే కత్తిరించానని 2013లో కోర్టులో ఒప్పుకున్నాడు. కత్తిరించిన కార్డుకు మామూలుగా మార్కే వేయరు! అయినా దాని ధర ఏమీ పడిపోలేదు, అది వేరే సంగతి. మనకంత వైభోగం లేదు. 88 మిల్లీమీటర్ల పొడవు, 63 వెడల్పు ఉండాలి పోకీమాన్ కార్డు. స్కేలు జేబులో పెట్టుకెళ్లండి.

కొన్న రోజునే ఆయన దగ్గర ఒక కాగితం మీద తేదీ, మొత్తం, నంబరు, రకం రాయించి సంతకం తీసుకోండి. మొహమాటపడకండి. ఏడాది దాటాక లాభానికి అమ్మితే అమెరికా పన్ను ఇలాంటి సేకరణ వస్తువుల మీద 28 శాతం దాకా పడొచ్చు. ఎంతకు కొన్నారో రుజువు లేకపోతే లాభం ఎంతో మీరు చూపించలేరు. అలాగే మామూలు ఇంటి ఇన్సూరెన్సులో ఇలాంటివాటికి ఇచ్చేదానికి పరిమితి ఉంటుంది. మీ ఏజెంటును అడిగి, అవసరమైతే విడిగా చేర్పించండి. అప్పుడూ వాళ్లు అడిగేది ఈ కాగితమే.

ప్రశ్న: నా దగ్గర తొంభైల నాటి డబ్ల్యూడబ్ల్యూఎఫ్ కుస్తీ వీరుల ట్రంప్ కార్డులు, బబుల్‌గమ్‌తో వచ్చిన క్రికెటర్ల కార్డులు బూట్ల పెట్టె నిండా ఉన్నాయి. వాటికి ఇప్పుడు లక్షలు వస్తాయని మా తమ్ముడు అంటున్నాడు.
— ఒక ఉపాధ్యాయుడు, గుంటూరు

జవాబు: మీ తమ్ముణ్ణి కొనమనండి మాస్టారూ. అచ్చయిన సంఖ్యకన్నా మిగిలిన సంఖ్య ముఖ్యం. అమెరికాలో టాప్స్ కంపెనీ 1952లో వేసిన బేస్‌బాల్ కార్డుల్లో అమ్ముడుపోనివాటిని 1960లో పడవకెత్తి అట్లాంటిక్‌లో పారబోయించింది. ఆ వరసలోని మికీ మాంటిల్ కార్డు ఒకటి 2022లో 1.26 కోట్ల డాలర్లకు పోయింది. అదే దేశంలో ఎనభైల చివర, తొంభైల మొదట్లో అచ్చయిన బేస్‌బాల్ కార్డులకు ఈనాడు పెట్టె ఖరీదు కూడా రాదు. రేపు విలువ పెరుగుతుందని ప్రతివాడూ దాచాడు మరి.

మనవి వేరే బాపతు. ఎవరూ దాచలేదు కాబట్టి మంచివి తక్కువే. కానీ కొనేవాళ్లూ తక్కువే, వాళ్లు కొనేది ముప్పై దాటాక పుట్టే బెంగతో. అండర్‌టేకర్ ఛాతీ కొలత, ఎత్తు, ఎన్ని కుస్తీలు అన్నీ చదివి తరగతిలో పందెం కాసినవాళ్లు మా తమ్ముడితో సహా చాలామంది ఉన్నారు. పూర్తి సెట్, పెట్టెతో, చిరగకుండా ఉంటే వందల్లోంచి వేల దాకా ఇచ్చేవాళ్లు దొరకొచ్చు. విడి కార్డులకు ఆశ పెట్టుకోకండి. రాసేటప్పుడు ఒకటే చూడండి: ఏ సంఖ్య నుంచి ఏ సంఖ్య దాకా ఉన్నాయి, మధ్యలో ఏవి లేవు. లేనివాటి జాబితా ఉంటే మీలాంటివాళ్లతో మార్చుకోవచ్చు. 2010ల్లో పిల్లలు కొన్న ఐపీఎల్ క్రికెట్ అటాక్స్ కార్డులకీ ఇదే పద్ధతి.

ప్రశ్న: వానాకాలం వస్తే మా పాప మెరిసే కార్డులు అప్పడాల్లా వంగిపోతున్నాయి. ఇస్త్రీ పెట్టొచ్చా?
— ఒక గృహిణి, కాకినాడ

జవాబు: పెట్టొద్దు! కార్డులో ఉన్న కాగితం తేమ పీలుస్తుంది, మీదున్న రేకు పీల్చదు, అందుకే వంగుతుంది. వేడి తగిలితే రేకు లేచిపోతుంది. మెత్తటి స్లీవ్‌లో పెట్టి, దాని మీద టాప్‌లోడర్ అనే గట్టి ప్లాస్టిక్ కవరు తొడిగి, మూత గట్టిగా పడే డబ్బాలో సిలికా జెల్ సంచులతో ఉంచండి. కొన్నాళ్లకు చాలావరకు దారికొస్తాయి. బీరువాలో కలరా ఉండల పక్కన మాత్రం పెట్టకండి, కొన్ని రకాల ప్లాస్టిక్కులకు అవి పడవు. రింగుల బైండర్ కన్నా పక్క నుంచి దూర్చే జేబులున్న బైండర్ మేలు. రింగు పక్కనున్న కార్డుకి వంపుగా నొక్కు పడుతుంది, అది ఇక పోదు.

ప్రశ్న: మా అబ్బాయి ఆరో తరగతి. స్కూల్లో స్నేహితుడికి ఒక పికాచు కార్డు ఇచ్చి లుకారియో కార్డు తెచ్చుకున్నాడు. ఇంటికొచ్చి చూస్తే మాది రెండు వేలదట, వాళ్లది నూట యాభైదట. నేను తరగతి వాట్సాప్ గ్రూపులో పెడితే వాళ్లమ్మ ‘పిల్లలు ఇష్టపడి మార్చుకున్నారు’ అంది. మాటా మాటా పెరిగింది. ఇప్పుడు మేమిద్దరం గేటు దగ్గర కనిపించినా మొహాలు తిప్పుకుంటున్నాం. ఏం చేయమంటారు?
— పేరు వద్దు, నెల్లూరు

జవాబు: ముందు గ్రూపులో పెట్టిన మెసేజ్ డిలీట్ చేయండి. రెండు వేలన్నది ఎవరు చెప్పారు? ఫోనేగా. పికాచుకు వందల రకాల కార్డులున్నాయి. అడుగున నంబరు ఏమిటో, రివర్స్ హోలోనో కాదో, మూల నలిగిందో లేదో మీకిప్పుడు తెలియదు, కార్డు అవతలింట్లో ఉంది. రిజిస్టర్ ఉంటే తెలిసేది. లేనప్పుడు ఆ రెండు వేలు గాలిలో మాటే.

నిజంగానే రెండు వేలదైనా నేను వాళ్లమ్మ మాటనే సమర్థిస్తాను. మీవాడికి లుకారియో కావాలి, తెచ్చుకున్నాడు. లుకారియో చేతికొచ్చిన సాయంత్రం వాడు ఎంత సంబరపడ్డాడో మీ ఉత్తరంలో లేదు కానీ నేను ఊహించగలను. వెనక్కి తెమ్మంటే తరగతిలో వాడితో ఇక ఎవరూ మార్చుకోరు.

ఇకమీదటికి మూడు కట్టుబాట్లు పెట్టండి. మార్పిడి బైండరు వేరు, ఇంటి బైండరు వేరు. స్కూలుకి మొదటిదే వెళ్తుంది, అందులో పోయినా బాధపడనివే ఉంటాయి. మార్చుకునేముందు ఇద్దరూ నంబర్లు చూసుకుని, కావాలంటే ఒకే సైట్‌లో ఒకే రోజు ధర చూసుకోవాలి. ఇద్దరికీ ఇష్టమైతే మర్నాడు బడి గంట కొట్టేలోపు మార్పిడి రద్దు చేసుకోవచ్చు, ఆ తర్వాత లేదు. ఈ మూడో కట్టుబాటు నేను పెట్టింది కాదు, మా అబ్బాయి స్నేహితులు వాళ్లంతట వాళ్లే పెట్టుకున్నారు, ఇప్పటికీ నడుస్తోంది.

వాళ్లమ్మకి ఫోన్ చేసి పై మూడూ చెప్పండి, ఆవిడకీ పనికొస్తాయి. పికాచు వరసలో ‘వెళ్లింది’ అని తేదీ వేయించి, కింద లుకారియో నంబరు, స్థితి, ‘పికాచుకు బదులు’ అని మీవాడి చేతే రాయించండి. ధర గడి ఖాళీగా వదిలేయమనండి, పరీక్షలయ్యాక చూసుకోవచ్చు.